ముత్తయ్య అడవి, స్వరూప చాక్లెట్

జనగామలో మా మిఠాయి దుకాణం తెరిచి ఇరవై ఎనిమిదేళ్లయింది. ఇన్నేళ్లలో పెళ్లికో చావుకో తప్ప, ఊరికే చూసి రావడానికని నేను ఊరు దాటింది లేదు. అందుకే మొన్న వానాకాలంలో మూడు రోజులు దుకాణం మూసి, ఊళ్లో లేమని అట్ట ముక్క మీద రాసి షట్టర్‌కు వేలాడదీస్తే, ఎదురుగా ఉన్న చెప్పుల దుకాణం అతను నేరుగా ఇంటికొచ్చి ఎవరు పోయారని అడిగాడు. ఎవరూ పోలేదు, మేమే పోతున్నాం, జలపాతం చూసి చాక్లెట్ తిని వస్తాం అన్నాను. అతను మా ఆవిడ వైపు తిరిగి, "అన్నకు పానం మంచిగనే ఉన్నది గద వదినా" అన్నాడు.

ఈ యాత్ర ఆలోచన నాది కాదు, మా ఆవిడ అనసూయది. మహబూబాబాద్ జిల్లాలో అడవి అంచున ఒక రైతు ఇంటి కోడలు సొంత తోటలో కాసిన కోకో గింజలతో చాక్లెట్ చేస్తుందనీ, ఆమె మామ దారి చూపిస్తూ అడవిలో జలపాతం దాకా నడిపిస్తాడనీ, అక్కడ రాళ్ల మీద కూర్చోబెట్టి చాక్లెట్ రుచి చూపిస్తారనీ ఎవరో ఆమె ఫోన్‌కు వీడియో పంపారు. రాత్రి పడక, రెండు పూటల తిండి కలిపి మనిషికి నాలుగు వందలు.

"ఇరవై ఎనిమిదేండ్ల సంది నువ్వు చేసిన తీపి ఊరంత తింటున్నది. ఒక్కసారన్న వేరేటోళ్లు చేసింది నువ్వు తిను" అంది అనసూయ.

మాట గుచ్చుకుంది. గుచ్చుకున్నా కాదనడానికి కారణం దొరకలేదు.

భూపాలపల్లిలో మూడో గారె

ముందు భూపాలపల్లి పోయి అనసూయ అక్కనూ బావనూ వెంటబెట్టుకోవాలి. హనుమకొండలో బస్సు మారి పరకాల దాటేసరికి వాన పట్టుకుంది. నా పక్క కిటికీ అద్దం అటు జరగదు, ఇటు జరగదు. భూపాలపల్లి చేరేదాకా నా ఎడమ భుజం స్నానం చేస్తూనే ఉంది. మొగుళ్లపల్లికి మళ్లే దారి దగ్గర ఒకామె గంపెడు పచ్చి మక్క కంకులతో ఎక్కింది. కంకి ఎంత అని అడిగితే పది అంది. జనగామలో ఇరవై అవుతోందని నోరు జారాను.

"గట్లనా? అయితే నువ్వు ఇరయ్యే ఇయ్యి" అంది ఆమె.

బస్సంతా నవ్వింది. చివరకు పదికే ఇచ్చి, పైన రెండు కంకులు అనసూయ ఒడిలో వేసింది. ఇరవై కంకులు ఒడిలోనూ సంచిలోనూ పెట్టుకుని మేం రాజలింగం అన్న ఇంట్లో అడుగుపెట్టాం.

రాజలింగం నాకు షడ్డకుడు, అంటే అనసూయ అక్క సరోజ భర్త. మా వైపు షడ్డకుడు వయసులో పెద్దవాడైతే అన్న అనే పిలుస్తాం. బొగ్గు బావిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ మొదటి షిఫ్టు వేళకే మెలకువ వస్తుందట. లేచాక పోవడానికి బావి లేదు కాబట్టి, నల్లా నీళ్లు వచ్చాయని వీధి వీధంతా తిరిగి చెప్పి వస్తాడట. వీధి వాళ్లు అతన్ని ఏమనుకుంటున్నారో వదిన చెప్పింది గానీ ఇక్కడ రాయడం బాగుండదు.

"ముప్పై ఏండ్లు భూమి లోపట ఉంటి. పైన ఏమేమున్నదో గిప్పుడు చూడాలె తమ్మి" అన్నాడు అన్న.

సరోజ వదిన ఒప్పుకున్న కారణం వేరు. అన్నకు షుగర్ ఉంది. డాక్టర్ రోజూ నడవమన్నాడు. ఇంటి ముందు నడవని మనిషి అడవిలోనైనా నడుస్తాడని ఆమె ఆశ. మరి చాక్లెట్ సంగతేమిటని అడిగాను.

"నాలుకకు తాకిస్తడు, అంతే. నేను పక్కనే ఉంట గద" అంది వదిన.

ఆ సాయంత్రం బస్సులో తెచ్చిన కంకులు వలిచి, పచ్చిమిరపకాయ, అల్లం వేసి నూరి, వదిన మక్క గారెలు చేసింది. బయట వాన, లోపల నూనె చప్పుడు. రెండు తిన్నాను. మూడోది కావాలని ప్రాణం లాగుతోంది. అయినా పళ్లెం రాగానే చేయి అడ్డం పెట్టి "చాలు వదినా" అన్నాను. మళ్లీ అడిగితే మళ్లీ చాలన్నాను. మూడోసారి ఆమె అడగలేదు, నా చేయి పక్కకు నెట్టి వేసేసింది. మా దగ్గర ఇది అందరికీ తెలిసిన మర్యాదే. పెట్టేవాళ్లు మూడుసార్లు అడగాలి, తినేవాళ్లు రెండుసార్లు కాదనాలి. నోరు తెరిచి మారు అడగడమంటే, అదీ పరాయి ఇంట్లో అయితే, తల తీసేసినట్టే.

బోదెకు కాసే కాయలు

మరుసటి రోజు నర్సంపేటలో బస్సు మారి, గూడూరు దాటాక ఆటో మాట్లాడుకున్నాం. ఆటో డ్రైవర్‌కు ఆ ఇల్లు తెలుసు. "చేదు బిళ్లలు చేసే గామె ఇల్లే గద" అన్నాడు. మొదటి హెచ్చరిక అక్కడే వచ్చింది గానీ నేను పట్టించుకోలేదు.

ఆ చేదు బిళ్లల ఆమె పేరు స్వరూప. ముప్పై దాటి ఉంటాయి. నడుముకు కొంగు దోపుకుని, చేతులకు కోకో రంగు అంటుకుని, మేం ఇంకా ఆటో దిగకముందే కాళ్లకు నీళ్లు తెచ్చింది. భర్త ట్రాక్టర్ మీద మరిపెడ వెళ్లాడట, మర్నాడు గాని రాడు. ఇంట్లో ఉన్నది ఆమె, ఆమె మామ ముత్తయ్య. మాలాగే వచ్చినవాళ్లు ఇంకో ఇద్దరున్నారు. కవిత, మేరీ అని మరిపెడలో ఒకే బడిలో టీచర్లు. మొత్తం ఆరుగురం.

స్వరూప మమ్మల్ని తోటలోకి తీసుకుపోయింది. పామాయిల్ చెట్ల నీడలో, వాటి మోకాలి దాకా వచ్చినట్టు పొట్టిగా, గుబురుగా కోకో చెట్లు. నూట ఇరవై ఉన్నాయట. కాయ కొమ్మకు కాయదు. నేరుగా బోదెకు అతుక్కుని కాస్తుంది, ఎవరో తెచ్చి అంటించినట్టు. పసుపు రంగు కాయను కొడవలి వెనక వైపుతో కొట్టి రెండు చేసి ఇచ్చింది. లోపల సీతాఫలం గుజ్జులా తెల్లగా, పుల్లటి తీపి. చప్పరించి గింజ ఉమ్మేయాలి. నేను ఉమ్మకుండా కొరికాను. ఆ చేదు చెవుల దాకా పాకింది. మేరీ టీచర్ నా ముఖం చూసి నవ్వు ఆపుకోలేక చెట్టు వెనక్కి పోయింది.

ఆ గింజలను గుజ్జుతో సహా కర్ర పెట్టెలో పోసి, అరటి ఆకులు కప్పి, ఆరు రోజులు పులియబెడుతుంది. మధ్యలో తిరగేస్తుంది. తరువాత ఎండబెట్టి, మూకుడులో వేయించి, పొట్టు చాటతో చెరిగి, ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండర్‌లో వేస్తుంది. ఆ గ్రైండర్ రెండు రోజులు ఆగకుండా తిరుగుతుంది. కరెంటు పోతే ఆమె ప్రాణం పోయినంత పని.

"పులియకపోతే ఏమైతది?" అని అడిగాను.

"ఉత్త చేదే ఉంటది అన్న. వాసన రాదు."

జిలేబీ పిండి పులియకపోయినా అంతే. రంగు వస్తుంది, ఆకారం వస్తుంది, జిలేబీ మాత్రం రాదు. ఆ మాట చెప్పగానే స్వరూప ముఖం వెలిగిపోయింది. ఎన్ని గంటలు పులియబెడతారు, చలికాలం ఏం చేస్తారు, పుల్లటి పెరుగు కలుపుతారా అని ఒకటే ప్రశ్నలు. మా దుకాణంలో ఇరవై ఎనిమిదేళ్లలో నన్ను ఎవరూ ఇన్ని ప్రశ్నలు అడగలేదు. ధర మాత్రమే అడుగుతారు.

ధర సంగతి వచ్చింది కాబట్టి, అరవై గ్రాముల చాక్లెట్ పొట్లం నూట యాభై. కిలో ఎంతవుతుందో మనసులో లెక్కేసి నేను పక్కనున్న మంచం మీద కూర్చున్నాను. నా కలాకంద్ కిలో ఎంతకు అమ్ముతానో ఆమెకు చెప్పలేదు.

గ్రైండర్‌లో తిరుగుతున్న ముద్దను స్పూన్ కొసతో తీసి నా అరచేతిలో వేసింది. చక్కెర చాలా తక్కువ. నాకు నచ్చలేదు. అబద్ధమెందుకు, కాకరకాయను కాల్చి నాకించినట్టు అనిపించింది. ఆమె నా కళ్లలోకే చూస్తోంది. "కొత్తగా ఉన్నది బిడ్డా" అన్నాను. మిఠాయి వాళ్లం ఒకరి సరుకు నచ్చనప్పుడు అనే మాటే అది. ఆమెకూ అర్థమైందనుకుంటాను. నవ్వి ఊరుకుంది.

ముత్తయ్య పెట్టిన షరతు

ఆ సాయంత్రం అరుగు మీద స్వరూప, అనసూయ కూర్చుని వేయించిన గింజల పొట్టు తీస్తున్నారు. నేను స్తంభానికి ఆనుకుని పేపర్ చదువుతున్నట్టు ఉన్నాను. అప్పుడు విన్నాను అసలు సంగతి.

కోకో చెట్లు ముత్తయ్యకు మొదటి నుంచీ ఇష్టం లేదు. పామాయిల్‌కు పెట్టిన నీళ్లు అవే తాగేస్తున్నాయి, ఉడుతలు కాయలన్నీ తొలుస్తున్నాయి, ఉత్త గింజలు కొనే వ్యాపారి నాలుగు బస్తాల కోసం ఇంత దూరం రాడు. చాక్లెట్ చేసి అమ్ముతానని కోడలు అంటే, ఈ చేదు ఎవరు తింటారని ఆయన. చివరికి ఒక షరతు పెట్టాడు. అడవి నడకకు వచ్చినవాళ్లకు చాక్లెట్ ఇవ్వు. బలవంతం పెట్టొద్దు, మళ్లీ కావాలా అని అడగొద్దు. ఒక్కరైనా తమంతట తాము నోరు తెరిచి మారు అడిగితే చెట్లుంటాయి. మూడు నడకల్లో ఎవరూ అడగకపోతే పోతాయి.

"రెండు నడకలైనయి అక్క. ఎవ్వలడగలే. రేపు మూడోది. కోత మిషినాయనకు సోమారం రమ్మని మామ చెప్పిండు" అంది స్వరూప.

అనసూయ చేతిలో గింజ ఆగిపోయింది. "గింతే గద. రేపు నేనడుగుత తియ్యి" అంది.

"వద్దక్క. నీ మీద ఒట్టు పెడుత. జాలికి అడిగితే మామ కనుక్కుంటడు. కనుక్కోకపోయినా నాకు తెలుస్తది. మంచిగున్నదా లేదా అన్నదే నాకు గావాలె. మంచిగ లేకపోతే కొట్టేయనియ్యి." పొట్టు చాట పక్కకు జరిపి, "మూడేండ్లు చేసిన అక్క" అంది.

నేను పేపర్ మడిచి, స్తంభం వెనక నుంచి ముందుకొచ్చి, విన్నానని ఒప్పుకున్నాను. స్వరూప మా ఇద్దరితోనూ ఒట్టు వేయించుకుంది. మిగతా నలుగురికీ చెప్పొద్దంది.

రాత్రి భోజనానికి జొన్న రొట్టె, పచ్చి పులుసు, నాటు కోడి కూర. రాజలింగం అన్న మూడో రొట్టె వైపు చూస్తూ "చాలు బిడ్డా" అన్నాడు. కోడి కూర గిన్నె వైపు చూస్తూ కవిత టీచర్ కూడా "చాలక్కా" అంది. వీళ్లు, మేమందరం, నోరు తెరిచి అడిగే జాతేనా?

అడవి గడప

పొద్దున్నే బయలుదేరాం. ముత్తయ్యకు డెబ్బైకి దగ్గర. సన్నగా, నిటారుగా, చేతిలో తన ఎత్తు కర్రతో ముందు నడిచాడు. చిన్నప్పుడు ఈ అడవిలో పశువులు మేపాడట. అడవి మొదట్లో ఒక రాయి దగ్గర ఆపి, తలా ఒక పచ్చి ఆకు తెంపి దాని మీద పెట్టమన్నాడు. అప్పటికే అక్కడ మోకాలెత్తు ఆకుల కుప్ప, కింద ఎండినవి, పైన పచ్చివి.

"ఇంట్ల అడుగు పెట్టేటప్పుడు పిలుస్తం గద, గది గంతే" అన్నాడు. తరువాత గొంతు మార్చి, "కాగితం గాని కవరు గాని అడివిల ఇడిస్తే, ఇడిసినోల్లతోనే ఏరిపిస్త. పోయినసారి ఒకాయన సగం దూరం ఎనుకకు నడిచిండు" అన్నాడు. టీచర్లిద్దరూ బడి పిల్లల్లా తలూపారు.

వాన వెలిసిన అడవిని నేను ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. టేకాకులు ఒక్కొక్కటి మా దుకాణంలో లడ్డూ పళ్లెమంత ఉన్నాయి. దారి మీద ఆరుద్ర పురుగులు ఎర్ర మఖమల్ బొత్తాల్లా పాకుతున్నాయి. వాటిని తొక్కకుండా నడవడానికి సరోజ వదిన చీర కుచ్చిళ్లు పట్టుకుని గంతులు వేసింది. ఏభై అయిదేళ్ల మనిషి గంతులేస్తుంటే రాజలింగం అన్న ఆగి ఆగి చూశాడు. ముత్తయ్య ప్రతి మలుపులోనూ మాకోసం నిలబడ్డాడు. ఎవరికి ఆయాసం వస్తోందో ముందే కనిపెట్టి, చెట్టేదో చూపించే నెపంతో ఆపేవాడు. నా కోసమే నాలుగు చెట్లు చూపించాడు.

వాగు రెండుసార్లు దాటాం. రెండోసారి రాజలింగం అన్న జారి నడుం లోతులో కూర్చుండిపోయాడు. అందరం కంగారుపడి చేతులు చాస్తే, "జర ఆగుండ్రి. మంచిగున్నది" అన్నాడు.

చప్పుడు ముందు వినిపించింది. చెట్ల సందులోంచి తుంపర ముఖానికి తగిలింది. ఆ తరువాతే కనిపించింది. జలపాతాన్ని ముత్తయ్య గుండం అనే అంటాడు. నల్లటి బండ మీది నుంచి నీళ్లు మూడు పాయలుగా దూకి, కింద గుండంలో తెల్లగా మరిగిపోతున్నాయి. పెద్ద జలపాతాలు చూసినవాళ్లకు ఇది చిన్నదే కావచ్చు. నేను ఇదొక్కటే చూశాను కాబట్టి నాకు ఇంతకన్నా పెద్దది లేదు. నవ్వొచ్చింది, ఎందుకో తెలియదు. పక్కకు చూస్తే అనసూయ కూడా నవ్వుతోంది. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఇద్దరం ఒకేసారి కారణం లేకుండా నవ్వడం ఇదే మొదలేమో.

ఖాళీ డబ్బా

నీళ్లలో ఆడి, వణుకుతూ వచ్చి బండల మీద కూర్చున్నాం. స్వరూప తడి గుడ్డ చుట్టిన స్టీలు డబ్బా తీసింది. చల్లటి నీటి అంచున పెట్టి ఉంచిందేమో, ముక్కలు గట్టిగా ఉన్నాయి. ఒక్కొక్కటి చిన్న వెన్న కాగితంలో చుట్టి ఉంది. తలా ఒకటి ఇచ్చింది. ముత్తయ్య కొంచెం దూరంగా రాయి మీద కూర్చుని, బీడీ వెలిగించకుండా వేళ్ల మధ్య పట్టుకుని మమ్మల్నే చూస్తున్నాడు.

నేను నాలుక మీద పెట్టుకున్నాను. అదే చేదు. ఈసారి మింగేయకుండా కరగనిచ్చాను. చేదు వెనక ఏదో పండు పులుపు, దాని వెనక సన్నటి తీపి వచ్చి, పోకుండా నిలబడింది. నచ్చిందా అంటే చెప్పలేను, నమలడం మాత్రం మరిచిపోయాను.

"మస్తుందక్కా" అంది మేరీ. "మంచిగున్నది బిడ్డా" అన్నాడు రాజలింగం అన్న, పక్కనే ఉన్న వదినను చూసి వెంటనే బుద్ధిగా చేతులు కట్టుకుని. అందరూ మెచ్చుకున్నారు. అందరి కళ్లూ డబ్బాలోకి ఒకసారి పోయి వెనక్కి వచ్చాయి. అడిగినవాళ్లు లేరు. వదిన తడి జుట్టు ఆరబెట్టుకుంటానని ఎండపడే బండ మీదికి వెళ్లిపోయింది. ముత్తయ్య బీడీ చెవి మీద పెట్టుకుని లేచాడు. స్వరూప మూత పెట్టడానికి చేతిలోకి తీసుకుంది.

నాకు కోపం వచ్చింది. ముత్తయ్య మీద కాదు, మా అందరి మర్యాద మీద. ఇరవై ఎనిమిదేళ్లుగా కౌంటర్ దగ్గర చూస్తున్నాను. కొత్త మిఠాయి రుచికి చేతిలో పెట్టి ఎలా ఉందంటే, ఎవరైనా బాగుందంటారు, ఇంకొంచెం అంటే చాలంటారు. అందుకే మేం అడగం. పళ్లెం కౌంటర్ అంచున వదిలేసి తూకం వైపు తిరుగుతాం. మళ్లీ ఇటు తిరిగేసరికి పళ్లెం ఏం చెబితే అదే నిజం.

"మూత పెట్టకు బిడ్డా. ఒక్క నిమిషం అట్లనే ఉండనియ్" అని స్వరూపకు మాత్రమే వినబడేలా అన్నాను. తరువాత వాగు అంచుకు పోయి కాళ్లు కడుక్కున్నాను. నా కుడి కాలి చెప్పు నీళ్లలో కొట్టుకుపోయింది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, దానంతట అది పోలేదు. మూడు వందల యాభై పెట్టి కొన్న జత.

"అయ్యో, చెప్పు. కాకా, జర చూడు. స్వరూపా, నువ్వు గూడ రా బిడ్డా" అని అరిచాను.

దారి చూపించే మనిషికి అది బాధ్యత. ముత్తయ్య కర్రతో వాగు వెంట దిగాడు. వెనక స్వరూప, ఆమె వెనక నేను ఒంటి చెప్పుతో. దాన్ని దొరకనివ్వకూడదని నేను, దొరికించుకోవాలని ఆయన. పది నిమిషాలు పొదలన్నీ గాలించి, చెప్పు పోయిందని తేల్చుకుని వెనక్కి వచ్చాం.

డబ్బా ఖాళీ. అడుగు మెరుస్తోంది.

నలుగురూ నాలుగు వైపులు చూస్తున్నారు. కవిత టీచర్ జలపాతాన్ని ఎన్నడూ చూడనట్టు చూస్తోంది. అనసూయ కొంగు సర్దుకుంటోంది. రాజలింగం అన్న కళ్లు మూసుకుని ధ్యానంలో ఉన్నాడు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

ముత్తయ్య డబ్బాలోకి వంగి చూశాడు. "కోతులు ఎత్తుకపోయినయా?" అన్నాడు.

మేరీ టీచర్ సన్నటి గొంతుతో, "అటు దిక్కు రెండు కనవడ్డయి" అంది.

అడగకుండా తినడం మా వాళ్లకు మారు అడగడం కన్నా సిగ్గు. ప్రాణం పోయినా ఒప్పుకోరు. అనసూయ నోరు తెరవబోయి స్వరూప వైపు చూసి ఆగిపోయింది. ఒట్టు గుర్తొచ్చి ఉంటుంది. ముత్తయ్య డబ్బా తీసి సంచిలో పెట్టబోయాడు. స్వరూప తల వంచుకుని తడి గుడ్డ పిండుతోంది. పిండిందే పిండుతోంది.

డబ్బా కోసం వంగిన ముత్తయ్య అలాగే ఆగాడు. పక్కనే ఒక బల్లపరుపు రాయి ఉంది. దాన్ని కర్రతో ఎత్తాడు. కింద వెన్న కాగితాలు. ఒక్కొక్కటి నాలుగు మడతలు పెట్టి, ఒకదాని మీద ఒకటి దొంతరగా పేర్చి ఉన్నాయి.

ఆయన చాలాసేపు వాటిని చూశాడు. "గీ కోతులు బడికి పోయినట్టున్నయి" అన్నాడు.

కవిత టీచర్ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. రాజలింగం అన్న కళ్లు తెరిచాడు. "తప్పయింది పెద్దాయినా. నేను రెండు తిన్న" అన్నాడు. అనసూయ అతని వైపు చూసింది. "ఐదు" అన్నాడు. టీచర్లిద్దరూ తలా నాలుగు ఒప్పుకున్నారు. అనసూయ తన వంతు వేళ్లతో చూపించింది. మా ఆవిడ అన్ని తిన్నదని తెలిసి నేను పడిన ఆశ్చర్యం వేరే కథ.

స్వరూప తలెత్తింది. కళ్లలో నీళ్లున్నాయి, నవ్వు కూడా ఉంది. మామ వైపు చూసింది.

ముత్తయ్య గడ్డం గోక్కున్నాడు. "తిన్నరు, నిజమే. కాదంటలేను. గని అడగలే గద" అన్నాడు. ఆయన గొంతులో పంతం లేదు. మాటంటే మాట అనుకునే మనిషి, ఇచ్చిన మాటలోనే ఇరుక్కుపోయాడు. ఎటు తిరగాలో ఆయనకూ తెలియడం లేదు.

అప్పుడు ఎండ బండ మీది నుంచి సరోజ వదిన దిగి వచ్చింది, జుట్టు ముడి వేసుకుంటూ. షరతు సంగతి ఆమెకు తెలియదు, చివరి మాటలు మాత్రం చెవిన పడ్డట్టున్నాయి. ఖాళీ డబ్బా చూసింది. కాగితాల దొంతర చూసింది. మొగుడి మీసం చివర అంటుకున్న గోధుమ రంగు చూసింది.

"ఎన్ని?"

"ఐదు" అన్నాడు అన్న, నేల చూస్తూ.

షుగర్ గురించి పెద్ద గొడవ అవుతుందని మేమంతా అనుకున్నాం. వదిన తిట్టలేదు. ముఖం ఎర్రగా చేసుకుని, నేరుగా స్వరూప ముందుకు పోయి చేయి చాపింది.

"ఇంకోటి ఉంటే నాకియ్యి బిడ్డా. షుగరున్న మనిషి ఐదు మింగిండు. నేనేమో నోరు కట్టుకోని ఒక్కదానితోని లేసిపోతి. గిదేం న్యాయం?"

చాచిన చేయి అలాగే ఉంది. స్వరూప ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుంది. ఇవ్వడానికి ఏమీ లేదు. అనసూయ ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను, తుంపర పడుతోంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ముత్తయ్య డబ్బా చేతిలోకి తీసుకుని తలకిందులు చేసి అడుగు మీద తట్టాడు. ఒక పలుకు కూడా రాలలేదు. కోడలి వైపు తిరిగాడు.

"ఏంది బిడ్డా, ఆరుగురు చుట్టాలొస్తే గింత డబ్బా తెస్తవా? నోరు తెరిసి అడిగినామెకు లేదనిపిస్తివి. మన ఇంటి ఇజ్జతు ఏం గావాలె?"

"ఇంటికాడ ఉన్నయి మామ" అంది స్వరూప.

"ఉంటే నడువుండ్రి మరి. గీడ సిగ్నల్ గూడ లేదు. గా మిషినాయనకు రావద్దని చెప్పాలె."

"ఏం మిషిను? ఎవలొస్తుండ్రు?" అని వదిన ఒకరి తరువాత ఒకరిని అడిగింది. వచ్చేటప్పుడు ప్రతి మలుపులోనూ మాకోసం ఆగిన మనిషి, ఇప్పుడు ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. కర్ర భుజాన వేసుకుని, ఫోన్ గాల్లోకి ఎత్తి పట్టుకుని, సిగ్నల్ వెతుక్కుంటూ అడవి దారిలో గబగబా పోతున్నాడు. ఆయన వెనక స్వరూప చెంగు బిగించి పరుగు.